మర్రికి తొందర లేదు

అప్పా జంక్షన్ దగ్గర హైదరాబాద్ నగరాన్ని వదిలి వికారాబాద్ రోడ్డు పట్టుకుంటే, మొయినాబాద్ దాటాక ఒకచోట ఎండ హఠాత్తుగా చల్లబడుతుంది. రోడ్డుకు రెండువైపులా మర్రులు. నిజాం కాలంలో బాటసారుల నీడకోసం నాటినవి. ఈ పక్క కొమ్మలు ఆ పక్క కొమ్మల్ని పట్టుకుని తారురోడ్డు మీద పందిరి వేస్తాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా ఇలాంటి చెట్లు 900 పైచిలుకు ఉన్నాయని చెట్లను ప్రేమించేవాళ్ళు ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టి, ఫొటో తీసి తేల్చారు. రోడ్డు వెడల్పు చెయ్యాలన్న ప్రతిపాదన వచ్చాక ఈ మర్రుల వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇరుకు రోడ్డు ప్రాణాలు తీస్తోందన్నదీ నిజమే, ఇంత నీడ మళ్ళీ మన జీవితంలో పెరగదన్నదీ నిజమే.

శ్రావణమాసం, మబ్బు పట్టిన సాయంత్రం. ఒక పెద్ద మర్రి కింద మక్క కంకులు కాలుస్తున్న ముసలమ్మ పక్కన నిలబడి సంచిలోంచి రెండు కెమెరాలు తీశాను. ఒకటి నాది. రెండోది ఆ రాత్రి మొయినాబాద్‌లో ఉన్న చుట్టాల పెళ్ళికోసం కోఠి గుజరాతీ గల్లీలో ఒక రోజుకు అద్దెకు తెచ్చింది. మబ్బు కమ్ముతోందని నేను హడావిడి పడుతుంటే ఆమె విసనకర్ర ఆపకుండానే అంది: “చెట్టేడికన్న పోతదా బిడ్డా, నిమ్మళంగ తియ్యి.”

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఆ మాటలోనే ఉంది.

నా కెమెరా కెనాన్ ఆర్50. 2023లో వచ్చిన తొలిమెట్టు మిర్రర్‌లెస్. బ్యాటరీ, కార్డు కలిపి 375 గ్రాములు. అద్దెది అదే కంపెనీ ఆర్5 మార్క్ 2. 2024లో వచ్చింది, 746 గ్రాములు. బరువు రెండింతలు, ధర సుమారు ఐదారు రెట్లు. రెండింటికీ ఒకే లెన్సు బిగుస్తుంది కాబట్టి పోల్చడానికి ఇంతకంటే మంచి జత దొరకదు. ఇప్పుడు ప్రశ్న: ఆ అయిదారు రెట్ల డబ్బు ఎక్కడికి పోయింది? దుకాణంలో అడిగితే “క్లారిటీ సార్” అంటారు. ఆ జవాబు పూర్తిగా తప్పు కాదు కానీ, చాలావరకు తప్పు.

ముందు ‘మిర్రర్‌లెస్’ అనే పేరు సంగతి. పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాల్లో లెన్సు వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉండేది. లెన్సులోంచి వచ్చిన వెలుగును అది పైకి మళ్ళించి మన కంటికి చూపించేది. బటన్ నొక్కగానే టప్‌మని లేచి, వెలుగును వెనకనున్న ఫిల్ముకో సెన్సర్‌కో వదిలేది. 2008లో పానసోనిక్ జీ1తో ఆ అద్దాన్ని తీసిపారేసిన కెమెరాలు మార్కెట్లోకి రావడం మొదలైంది. అద్దం పోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ అది చేసే పనులన్నీ సెన్సర్ నెత్తిన పడ్డాయి. ఫొటో తియ్యడం ఎలాగూ దాని పనే. వ్యూఫైండర్‌లో మనకు దృశ్యం చూపించడం, ఫోకస్ కుదిరిందో లేదో చూసుకోవడం కూడా ఇప్పుడు దాని పనే. అంటే సెన్సర్‌ను సెకనుకు ఎన్నోసార్లు చదవాలి. ఎంత వేగంగా చదవగలిగితే కెమెరా అంత చురుకు. ఈ ‘చదవడం’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, దానిదగ్గరికే తిరిగి వస్తాం.

ఫోకస్ విషయంలో రెండు కెమెరాలదీ ఒకే కుదురు. ప్రతి పిక్సెల్‌నూ నిలువుగా రెండు సగాలు చేసి, ఎడమ సగాలు చూసిన బొమ్మను కుడి సగాలు చూసిన బొమ్మతో పోల్చే పద్ధతి ఇది. ముఖం ముందు వేలు పెట్టుకుని ఒకసారి ఎడమకన్ను, ఒకసారి కుడికన్ను మూస్తే వేలు అటూ ఇటూ జరిగినట్టుంటుంది కదా, అదే కిటుకు. రెండు బొమ్మలు ఎంత జరిగాయో చూసి లెన్సు ఎటు, ఎంత కదలాలో కెమెరా లెక్కకడుతుంది. 2013లో కెనాన్ 70డీతో వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు చవక కెమెరాలోనూ ఉంది. మనిషి కంటినీ, పిట్ట తలనూ వెతికి పట్టుకునే తెలివీ దాన్లో ఉంది. పదేళ్ళ కిందట లక్షలు పోసినా దొరకని సంగతి ఇది.

ఇక వెలుగు. ఖరీదైన కెమెరాలో సెన్సర్ పెద్దది: 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. నా కెమెరాలోది 22.3 పొడవు, 14.9 వెడల్పు, 332 చదరపు మిల్లీమీటర్లు. ఒకే ఎఫ్ సంఖ్య (అది ఎంత చిన్నదైతే లెన్సు అంత విశాలంగా తెరుచుకున్నట్టు), ఒకే షట్టర్ వేగం పెడితే పెద్ద సెన్సర్ మీద 2.6 రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది.

ఎక్కువ వెలుగు పడితే ఏమిటట లాభం? ఈ రోడ్డే ఇంకా ముందుకు పోతే తాండూరు. అక్కడి బండలు మన ప్రాంతంలో సగం ఇళ్ళ వాకిళ్ళలో ఉంటాయి. తొలకరి చినుకులు అలాంటి వాకిట్లో పడుతున్నప్పుడు చూడండి. ఒకే కొలత బండలే అయినా ఒకదాని మీద ఎనిమిది చినుకులు, పక్కదాని మీద పదమూడు, ఇంకోదాని మీద పది. వానకు ఏ పక్షపాతమూ లేదు, చినుకుల స్వభావమే అంత. సగటున బండకు 100 చినుకులు పడితే పది అటూ ఇటూ తేడా ఉంటుంది, అంటే నూటికి పది. పదివేలు పడితే తేడా వంద, నూటికి ఒకటి. వెలుగు కూడా చినుకుల్లాగే, ఫోటాన్లుగా కురుస్తుంది. చీకటి ఫొటోల్లో కనిపించే ఇసుక చల్లినట్టుండే మచ్చలు ముఖ్యంగా ఈ తొలకరి తేడాలే. వాటిలో సెన్సర్ తప్పు తక్కువ, ప్రకృతి స్వభావం ఎక్కువ. పెద్ద సెన్సర్ అంటే పెద్ద వాకిలి. 2.6 రెట్ల వెలుగుకు వర్గమూలం చొప్పున మచ్చల జోరు 1.6 రెట్లు తగ్గుతుంది. కంటికి తెలిసే తేడాయే. కానీ అయిదారు రెట్ల ధరకు సమాధానం చెప్పేంత తేడా కాదు.

పైగా అంతకంటే చవకైన మార్గం ఉంది. నా కెమెరాతోపాటు వచ్చిన 18-45 లెన్సు 45 దగ్గర ఎఫ్6.3 మాత్రమే తెరుచుకుంటుంది. దాని బదులు 50 మిల్లీమీటర్ల ఎఫ్1.8 లెన్సు బిగిస్తే వెలుగు 12 రెట్లు పెరుగుతుంది. సెన్సర్ ఇచ్చే 2.6 ఎక్కడ, ఈ 12 ఎక్కడ! లెన్సు మార్చుకోకుండా బాడీ మార్చుకునేవాళ్ళను చూస్తే నాకు దిగులు. ఇరుకు కిటికీకి రెక్కలు తెరవకుండా గది పెద్దది కట్టుకోవడమే అది.

మర్రి దగ్గరైతే కొత్త లెన్సు కూడా అక్కర్లేదు. ముసలమ్మ చెప్పినట్టు చెట్టు ఎక్కడికీ పోదు. స్టాండు మీద నా కెమెరా పెట్టి ఒకే కోణంలో మూడు ఫొటోలు తీసి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో కలిపాను. మూడు ఫొటోల వెలుగు ఒకదానిమీద ఒకటి చేరింది. మూడు రెట్లు, 2.6ను దాటినట్టే. ఊడల నీడల్లోని మచ్చలు ఖరీదైన కెమెరాతో తీసిన ఒక్క ఫొటోలో కంటే తక్కువే కనిపించాయి. చెట్టు నాకు కాలాన్ని ఊరికే ఇచ్చింది, దాన్ని వెలుగుగా మార్చుకున్నాను. గాలికి ఊగే చివరి ఆకులు మాత్రం మూడింటిలో మూడు చోట్ల ఉండి అలుక్కుపోయాయి. లెక్క అక్కడ తప్పుతుంది.

మెగాపిక్సెళ్ళ గురించి ఎక్కువ మాట్లాడను. 24తో పోలిస్తే 45 రెట్టింపుకు దగ్గర అనిపిస్తుంది గానీ, అడ్డంగా కొలిస్తే 6,000 చుక్కలకు బదులు 8,192 చుక్కలు. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. పెళ్ళి జరిగే ఫంక్షన్ హాలుకు వెళ్ళే దారిలో ఏ చౌరస్తాలో చూసినా నాయకుల ఫ్లెక్సీలు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద 6,000 చుక్కలు పరిస్తే ఒక్కో చుక్క మిల్లీమీటరు ఉంటుంది. మామూలు కన్ను దాన్ని పన్నెండు అడుగులు దాటాక విడిగా చూడలేదు. నాయకుడి మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టాలని పన్నెండు అడుగుల లోపలికి వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరు కదా. పెళ్ళివాళ్ళ కరిజ్మా ఆల్బమ్ వేరే సంగతి. 36 అంగుళాల పుటను ఒళ్ళో పెట్టుకుని చూస్తారు. అక్కడ అంగుళానికి 166 చుక్కలకూ 227 చుక్కలకూ ఉన్న తేడా పట్టు చీర జరీ అంచులో బయటపడుతుంది.

ఒక చోట చవక కెమెరాదే పైచేయి. గండిపేట గట్టు మీదినుంచి దూరంగా నీళ్ళలో నిలబడ్డ కొంగను ఒకే లెన్సుతో రెండు కెమెరాల్లోనూ తీశామనుకోండి. లెన్సు వేసే బొమ్మ రెండింటిలోనూ ఒకే పరిమాణంలో ఉంటుంది. చిన్న సెన్సర్ తన 24 మెగాపిక్సెళ్ళనూ ఆ కొంచెం చోటులోనే కుక్కింది. పెద్ద సెన్సర్‌లో అంత చోటునే కత్తిరిస్తే మిగిలేది 17 మెగాపిక్సెళ్ళ పైచిలుకు. వెలుగు బాగుండి, కొంగ కదలకుండా ఉంటే తక్కువ ధర కెమెరాలోనే దాని ఈకల వివరం ఎక్కువ. కదలకుండా ఉంటేనే సుమా.

మరి డబ్బు ఎక్కడికి పోయింది? దాని జాడ ఆ రాత్రి పెళ్ళిలో దొరికింది.

బంతి భోజనాలు గుర్తుచేసుకోండి. పెద్ద బంతి, ఒక్కడే వడ్డించేవాడు. మొదటి వరుస విస్తరి నుంచి పప్పు వడ్డిస్తూ చివరి వరుసకు చేరేసరికి మొదటివాళ్ళు చారులోకి వచ్చేస్తారు. సెన్సర్‌ను చదవడం కూడా అలాగే, వరుస తర్వాత వరుస. షట్టర్ తెర వాడకుండా నిశ్శబ్దంగా తీసే పద్ధతిలో తొలిమెట్టు సెన్సర్లకు పై వరుస నుంచి కింది వరుసకు చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు అటూ ఇటూగా పడుతుంది. ఒకే ఫొటోలో పై భాగం ఒక క్షణంది, కింది భాగం తరవాతి క్షణంది. చేవెళ్ల కూరగాయలు వేసుకుని గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే డీసీఎం ఆ ముప్పయ్యో వంతులో అరమీటరు దాటి కదులుతుంది. ఫ్రేము నిండా అదే ఉంటే టాపు ఒకచోట, టైర్లు అరమీటరు అవతల. బండి వాలిపోయి, ఇదిగో ఇప్పుడే బోర్లా పడేట్టు కనిపిస్తుంది. ఖరీదైన కెమెరా సెన్సర్ మొత్తాన్ని దాదాపు 160వ వంతు సెకనులో చదివేస్తుంది. డీసీఎం కదిలేది పది సెంటీమీటర్లే. వాలు కంటికి ఆనదు.

ఇంకో లెక్క చూడండి. 24 మెగాపిక్సెళ్ళను ముప్పయ్యో వంతులో చదవడమంటే సెకనుకు 72 కోట్ల పిక్సెళ్ళ వేగం. 45ను 160వ వంతులో చదవడమంటే 720 కోట్లు. చుక్కలు రెండింతల లోపు, వెలుగు 2.6 రెట్లు, చదివే వేగం పది రెట్లు. ధర దేనివెంట నడుస్తోందో ఇక వేరే చెప్పాలా?

అంత వేగం ఊరికే రాదు. మామూలు సెన్సర్‌లో వెలుగు పట్టే గుంటలూ, లెక్కకట్టే సర్క్యూట్లూ ఒకే సిలికాన్ పలక మీద చోటుకోసం తోసుకుంటాయి. ఖరీదైనదాన్లో వెలుగు పట్టే పలక పైఅంతస్తులో ఉంటుంది, సర్క్యూట్ల పలకను దానికింద విడిగా అతికిస్తారు. హాల్లో విస్తళ్ళు, కింది అంతస్తులో వంటశాల, మధ్యలో చాలా మెట్లు. ఒకేసారి ఎన్నో వరుసలకు వడ్డన జరుగుతుంది. ఈ అంతస్తుల సెన్సర్‌ను ఇంత పెద్ద కొలతలో మొదట తెచ్చింది 2017లో సోనీ ఏ9. రెండు పలకల్ని వెంట్రుకలో అతి చిన్న వంతు తేడా కూడా రాకుండా జోడించాలి. జోడింపు చెడితే రెండు పలకలూ చెత్తబుట్టకే. ధరకు అదొక కారణం. అంత వేగానికి కరెంటూ ఎక్కువ కావాలి. నా కెమెరా బ్యాటరీ 1,040 మిల్లీఆంపియర్‌అవర్లు, దానిది 2,130.

ఫంక్షన్ హాలు పైకప్పు నిండా ఎల్.ఇ.డి. దీపాలు. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది, చవక దీపాలు ఆ లెక్కన 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, సెన్సర్‌కు తెలుస్తుంది. ముప్పయ్యో వంతు సెకను పాటు వరుసలు చదువుతుంటే ఆలోపు దీపం మూడుసార్లు మినుకుతుంది. పెళ్ళికూతురి ముఖం మీదుగా మూడు నల్లటి అడ్డపట్టీలు! నిశ్శబ్ద పద్ధతి మానేసి షట్టర్ తెరను పని చేయిస్తే నా కెమెరాలోనూ పట్టీలు దాదాపు పోయాయి. ఎందుకంటే ఆ తెర సెన్సర్ మీదుగా 250వ వంతు సెకను లోపే పరుగెత్తుతుంది. దశాబ్దాల నాటి యంత్రం ఇప్పటి సిలికాన్‌తో వేగంలో పోటీపడుతోందన్నమాట. షట్టర్ వేగం 100వ వంతుకు పెట్టుకుంటే ఇంకా మేలు, ప్రతి వరుసకూ ఒక పూర్తి మినుకు అందుతుంది.

అయితే 100వ వంతుతో తలంబ్రాలు దొరకవు. దోసిట్లోంచి జారిన బియ్యపు గింజ ముప్పై సెంటీమీటర్లు పడేసరికి సెకనుకు 2.4 మీటర్ల వేగం అందుకుంటుంది. 100వ వంతు సెకనులో రెండున్నర సెంటీమీటర్ల గీతవుతుంది. గింజ గింజలా కనిపించాలంటే 1000వ వంతు కావాలి, అంటే వెలుగు పదోవంతుకు పడిపోతుంది. మూడు ఫొటోలు కలిపే ఉపాయం ఇక్కడ పనికిరాదు. వధువు నెత్తిన పోసిన దోసిలి మళ్ళీ అలాగే పడదు. మర్రి దగ్గర అవసరమే లేదనిపించిన 2.6 రెట్ల వెలుగుకు ఇప్పుడు ప్రాణం వచ్చింది.

అడ్డుతెర తొలగి జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఇంకా కష్టం. చూసి, గ్రహించి, వేలు నొక్కేసరికి మనిషికి సెకనులో అయిదో వంతు గడుస్తుంది. ఆ అయిదో వంతులోనే వాళ్ళిద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకుని మళ్ళీ కళ్ళు దించేశారు. అద్దె కెమెరా బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ సెకనుకు ముప్పై ఫొటోల చొప్పున తీసుకుంటూ, పాతవి పారేస్తూ ఉంటుంది. పూర్తిగా నొక్కగానే అంతకు ముందు అరసెకనులో తీసిన పదిహేనింటిని దాచేస్తుంది. నేను ఆలస్యమయ్యాను, కెమెరా కాలేదు. ఈ సౌకర్యం ఇప్పుడు కొన్ని మధ్యతరగతి కెమెరాల్లోకీ దిగింది. నాది కూడా సెకనుకు పన్నెండు తీస్తుంది, తక్కువేం కాదు. కానీ ముడి సమాచారమంతా దాచే ‘రా’ ఫైళ్ళు పెట్టుకుంటే సెకను తిరక్కముందే జ్ఞాపకం నిండి చతికిలబడుతుంది. అద్దెది మూడు సెకన్ల దాకా అలుపు లేకుండా పరుగెత్తింది.

పెళ్ళి ఫొటోగ్రాఫర్లను అడిగితే వాళ్ళు ఇవేవీ ముందు చెప్పరు. “రెండు కార్డులు పడతాయి” అంటారు. తీసిన ప్రతి ఫొటో రెండు కార్డుల మీదా ఒకేసారి రాసుకుంటుంది, ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. నా కెమెరాలో ఒక్క కార్డే. తాళి కట్టడం రెండోసారి జరగదు కాబట్టి అనుభవస్థులు దీనికే డబ్బు పెడతారు. దుమ్మూ తడీ లోపలికి పోకుండా కీళ్ళ దగ్గర బిగింపులు, చెయ్యి వణికితే సెన్సర్‌నే ఎదురు కదిలించే ఏర్పాటు కూడా ఖరీదైనదాన్లోనే ఉన్నాయి. వణుకు చేతిదైతేనే అది సాయం. కదిలేది పెళ్ళికొడుకైతే అదేమీ చెయ్యలేదు.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ బరువైన గాజు పలకలతో పనిచేశాడు. ఆ పలకలకు చురుకు తక్కువ. అందుకే ఆయన కాలపు ఫొటోల్లో అందరూ ఊపిరి బిగబట్టినట్టు నిలబడి ఉంటారు. కెమెరాకు లేని కాలాన్ని ఎదుట నిలబడ్డవాళ్ళు ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరూ నిలబడరు, అందుకని కెమెరాయే కొనుక్కుంటోంది. 2023 చివర్లో ప్రకటించిన సోనీ ఏ9 3 ఈ బేరాన్ని చివరిదాకా తీసుకుపోయింది. దాన్లో వరుసల వడ్డనే లేదు. రెండున్నర కోట్ల దాకా ఉన్న పిక్సెళ్ళన్నీ ఒకే క్షణంలో వెలుగు పట్టి, ఒకే క్షణంలో ఆపేస్తాయి. సెకనుకు 120 ఫొటోలు. మూల్యం ఏమిటంటే, పట్టిన వెలుగును కాసేపు దాచుకోవడానికి ప్రతి పిక్సెల్‌లోనూ కొంత చోటు కేటాయించాలి. వెలుగు నింపుకునే గిన్నె అంత చిన్నదవుతుంది. అందుకే దాని కనీస ఐఎస్ఓ, అంటే వెలుగుకు స్పందించే చురుకు కొలత, 100 కాదు, 250. కాలం కోసం వెలుగును తాకట్టు పెట్టారు. మర్రి ఫొటోకైతే ఆ కెమెరా నా ఆర్50 కంటే ప్రత్యేకంగా ఒరగబెట్టేది తక్కువ.

మర్రి దగ్గరినుంచి బయల్దేరే ముందు జరిగిన సంగతొకటి చెప్పడం మరిచాను. నా కెమెరా తెర మీద మర్రిని ముసలమ్మకు చూపించాను. ఊడలు, తొర్ర, మాను మీద ఎవరో పెయింటుతో రాసిన అంకె, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆమె వాటిని చూడలేదు. కింద మూలన తన బండిని వెతుక్కుంది. చీకటిపడుతోందని షట్టర్ నెమ్మదిగా పెట్టడంతో పొగ దూదిలా సాగింది, విసిరే చెయ్యి ఉందో లేదో తెలియకుండా అలుక్కుపోయింది. “చెట్టు మంచిగొచ్చింది, నేనేడున్న?” అంది.

అద్దె కెమెరా తీసి, బొగ్గుల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క సెకను నొక్కి పట్టాను. ముప్పై ఫొటోలు. పంతొమ్మిదో దాంట్లో నిప్పురవ్వ ఒకటి విసనకర్రకూ కంకికీ మధ్య గాల్లో నిలబడి ఉంది, వెనక ఆమె కళ్ళు చిట్లించి నవ్వుతోంది. మనవడి నంబరు చెప్పి వాట్సాప్‌లో పంపమంది. పంపాను. 45 మెగాపిక్సెళ్ళు అక్కడికి చేరేసరికి రెండు కూడా మిగల్లేదు. రవ్వ మాత్రం కనిపిస్తూనే ఉంది.